అడుగు

అయిదడుగుల ఆరంగుళాలు.
ఎక్కడికెళ్ళినా ముందు అదే రాసుకునేవారు,
పేరు ఆ తర్వాత.
వాసుపల్లి కొర్లయ్య అని చెప్పేవాణ్ణి.
చెన్నైలో వి. కోర్ల, లుధియానాలో కోరియా,
భిలాయ్‌లో వట్టి ఆంధ్రా.

పోర్టు గ్రౌండులో నేర్చుకునే రోజుల్లో
కోర్టు నిండా ఇనప ఖనిజం దుమ్ము.
సాయంత్రానికి అరచేయీ బంతీ ఒకే రంగు.
మల్కాపురం పొడుగ్గాళ్ళు రింగు కింద కాపు కాస్తే
వాళ్ళ చంకల కిందనుంచి దూరిపోయేవాణ్ణి,
లంగరేసిన మరపడవల మధ్య తెప్పలాగ.

బ్యాంకు టీములో గార్డుగా తీసుకున్నారంటే
జాలారిపేటంతా ఒకటే అడిగింది:
"తుపాకీ ఇచ్చారేట్రా?"
రైల్వేకి మారాను. మళ్ళీ గార్డే.
"మరి జెండా ఏదిరా?" అంది గవరమ్మ పిన్ని
ఎండుచేపలు తిరగేస్తూ.
తుపాకీ లేదు పిన్నీ, జెండా లేదు.
బంతి తెచ్చి ఇంకొకడి చేతిలో పెట్టడమే పని.
"దానికి జీతమేటి?"
ఆ మాటే చాలా జట్లు అన్నాయి తర్వాత,
మార్చి నెలాఖర్లో, కాస్త మర్యాదగా.

డెహ్రాడూన్‌లో చలికి వేళ్ళు బంతిని గుర్తుపట్టలేదు.
పుణేలో కొత్త లీగు,
బాణసంచా, నా మొహంతో ఫ్లెక్సీ,
మొత్తం ఇరవై మూడు రోజులు.
ఆఖరి చెక్కు బౌన్సయింది.
నేను అందుకోలేకపోయిన బౌన్సు అదొక్కటే.
థింపూలో మూడో క్వార్టర్‌కే ఊపిరి అప్పడిగేది.
మాలేలో సముద్రం నాలుగు వైపులా.
మా ఊళ్ళో సముద్రమంటే తూర్పు.
అక్కడ మూడు నెలలు
ఏ దిక్కుకి నిద్ర లేస్తున్నానో తెలీలేదు.

ఆటలో ఒక తప్పుంది, ట్రావెలింగ్ అంటారు.
బంతి పట్టుకుని రెండడుగులు దాటకూడదు.
పద్దెనిమిదేళ్ళు, పదకొండు జట్లు,
నా మీద ఆ విజిల్ పడింది నాలుగుసార్లో, అయిదో.
రహస్యమేం లేదు.
దేన్నీ పట్టుకుని నడవలేదు, అంతే.

కొచ్చిలో లిసీ, ఫిజియో గదిలో
నా చీలమండకి పట్టీ చుడుతూ,
ఉండిపోతావా అంది.
చూడకుండా పాస్ ఇచ్చాను.
మంచి పాస్ అది, ఇప్పటికీ అంటాను.
ఎవరందుకున్నారో మాత్రం చూడలేదు.

భువనేశ్వర్‌లో మోకాలు టప్పుమంది.
నాకే వినబడిందనుకున్నాను.
బెంచీ మొత్తం విందట.

తిరిగొచ్చేసరికి
హుద్‌హుద్‌కి వంగిన రింగు అలాగే ఉంది,
వల లేదు.
ఫిషింగ్ హార్బర్‌కి పోయి పోలయ్య మావనడిగాను,
నీలం నైలాను తాడుతో ఒకటి అల్లిపెట్టమని.
కింద ముడెయ్యొద్దు మావా.
"అడుగు లేని వలేట్రా? ఏటి పడతాదిందులో?"
ఏటీ పడదు. పడినట్టు తెలిస్తే చాలు.
నవ్వాడు, దగ్గాడు, సూది దులిపి మళ్ళీ నవ్వాడు.
డబ్బులొద్దన్నాడు. బీడీకట్ట తీసుకున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే అయిదున్నరకి
పన్నెండుమంది పిల్లలు, మూడు బంతులు.
పేర్ల నీలవేణి అందరికన్నా పొట్టి,
దానికి అందరి మీదా కోపం.
నిన్న బంతి చంకనెట్టుకుని
సంతనుంచి గుమ్మడికాయ తెస్తున్నట్టు నడిచేసింది.
విజిలేశాను.
ఎన్నడుగులు?
"రెండేనండి."
నాలుగు.
"మీరు తప్పు లెక్కెట్టారు. మీరైతే ఎన్నేసుంటారేటి?"

లెక్క చూపిద్దామని కిందికి చూశాను.
ఎర్రదుమ్ములో అన్నీ చిన్న చిన్న పాదాలు,
ఒకదానిమీదొకటి.
వాటి మధ్య నావి వెతికాను, కాసేపు.
బంతి ఇటియ్యి, అన్నాను.
గీత దగ్గర్నుంచి మళ్ళీ రా.